లేటే గానీ క్యాన్సిల్ కాదు

పోయిన నెలలో ఒక మంగళవారం, తొమ్మిదో తరగతికి రెండో పీరియడ్ ముగించి స్టాఫ్ రూముకు వచ్చి చూసుకుంటే ఫోనులో ఆరు మిస్డ్ కాల్స్. ఆరూ పుంగనూరు అత్తవే. తిరిగి చేశాను. మామ పొద్దున స్నానం చేసి, వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెనక్కి వాలిపోయాడట. డాక్టరు వచ్చేసరికే అయిపోయిందట. "నిద్దరపోతాండాడేమో అనుకుంటిని పాపా. పేపరు కూడా చేతిలోనే ఉండాది" అని ఆ ఒక్క మాట చెప్పి అత్త ఫోను ఎవరికో ఇచ్చేసింది.

హెడ్మాస్టరుకు చెప్పి, కుప్పం బస్టాండుకు వచ్చి మదనపల్లె బస్సు ఎక్కాను. దారంతా ఏడుస్తానేమో అనుకున్నాను. కానీ బైరెడ్డిపల్లె దాటి పలమనేరు వచ్చేలోగా నాకు తెలియకుండానే రెండుసార్లు నవ్వాను. పక్క సీటులో ఉన్నామె నన్ను వింతగా చూసింది. ఏం చేయను, ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. తరవాతే మిగతావి. ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా అందుకే.

ఆయన మాకు బంధువు కాదు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో కండక్టరు. మా ఇంట్లో వాళ్లకు ఆయన కండక్టరే. నేను మాత్రం కండక్టర్ మామ అనేదాన్ని. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నాకు నత్తి. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, మూడో తరగతికల్లా బడిలో అందరికీ తెలుసు. అన్ని మాటలకూ కాదు. ప, బ, మ లాంటి పెదవులు కలిపి పలికే అక్షరాల దగ్గర నా నోటికి తాళం పడిపోయేది. నా పేరు ప తోనే మొదలవుతుంది. మా ఊరు పాలగుట్ట, అదీ ప తోనే. అందుకని కొత్తవాళ్లు పేరడిగితే లత అని చెప్పేదాన్ని. హోటల్లో పూరి తినాలని ఉన్నా ఇడ్లీ అడిగేదాన్ని. అటెండెన్సులో ప్రెజెంట్ అనలేక చెయ్యెత్తి లేచి నిలబడేదాన్ని. అడ్డదారులన్నీ వెతుక్కుని వెతుక్కుని, అసలు దారి ఒకటి ఉందనే సంగతే మరిచిపోయాను.

మా అమ్మా నాయనా టమాటా తోటల్లో కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మదనపల్లెలో కాలేజీ. పొద్దున పోవడానికి ఇబ్బంది లేదు, మా ఊరి క్రాసులో చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది, బస్టాండులో అందరితో పాటు దిగిపోవచ్చు. చిక్కంతా సాయంకాలమే. పాలగుట్ట క్రాసు చిన్న స్టాపు. ఎవరైనా అడిగితేనే ఆపుతారు, లేకుంటే బస్సు సాగిపోతుంది. నేనా, ఊరి పేరు చెప్పలేను. మా ఊరివాళ్లు ఎవరైనా బస్సులో ఉంటే వాళ్ల వెనకే దిగేదాన్ని. లేని రోజున అలాగే కూర్చుని, రెండు కిలోమీటర్ల అవతల పెట్రోలు బంకు దగ్గర బస్సు ఎలాగూ ఆగుతుంది కాబట్టి అక్కడ దిగి, వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఆలస్యమెందుకయిందని అమ్మ అడిగితే స్పెషల్ క్లాసు అనేదాన్ని. వారానికి మూడు నాలుగు స్పెషల్ క్లాసులు.

రెండో ఏడాదిలో ఆ బస్సుకు ఆయన వచ్చాడు. సన్నగా, నల్లగా, నూనె రాసి అణిచి దువ్విన జుట్టుతో, నలభై ఐదేళ్ల మనిషి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నా పాసు చూసి తల ఊపి ముందుకు పోయేవాడు. కోపిష్టి అనుకున్నాను. పది రోజులు గడిచాక ఒక సాయంకాలం, బస్సు మా క్రాసు దాటిపోతుండగా ఆయన నా సీటు దగ్గరికి వచ్చి నిలబడి, "పా... పా... పాలగుట్ట గదా నీది" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను వెక్కిరించిన వాళ్లను చాలామందిని చూశాను, కానీ యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి, పని గట్టుకుని దగ్గరికి వచ్చి వెక్కిరించడం అదే మొదటిసారి. బంకు దగ్గర దిగి ఏడ్చుకుంటూ ఇంటికి నడిచాను. ఆ రోజు అమ్మకు స్పెషల్ క్లాసు కథ చెప్పలేకపోయాను. ఊరి పేరు అడగలేని సంగతి, బంకు సంగతి, కండక్టరు సంగతి, అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చేశాయి. మా నాయన పక్కనే కూర్చుని సంగటి తింటున్నాడు. చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

మరుసటి రోజు సాయంకాలం మా క్రాసు దగ్గర బస్సు సడన్ బ్రేకుతో ఆగింది. తొంగి చూస్తే రోడ్డు నడిమధ్య రెండు చేతులూ చాచి మా నాయన. సాయంకాలం పూట నా కోసమని ఆ బస్సు పాలగుట్ట క్రాసులో ఆగడం అదే మొదలు. మా నాయన ఎవరి మీదా గట్టిగా అరిచే మనిషి కాదు. ఆ రోజు బస్సు ఎక్కి, మెట్ల మీదే నిలబడి కండక్టరును నిలదీశాడు.

"నోరు తిరగని బిడ్డని యెక్కిరిస్తావా నువ్వు? నీకు బిడ్డలు లేరా?"

కండక్టరు నోరు తెరిచాడు. "నే... నే... నే..." అంటూ అక్కడే ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. గడ్డం పైకీ కిందికీ కదులుతోంది గానీ మాట రావడం లేదు. ఆ గడ్డం కదలిక నాకు బాగా తెలుసు. అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో. మా నాయనకు అది అర్థం కాక, ఇంకా వెక్కిరిస్తున్నాడనుకుని ఆయన చొక్కా పట్టుకోబోయాడు.

ముందు సీటులో తమలపాకుల గంపతో ఉన్న అవ్వ అడ్డం వచ్చింది. "యప్పా, చెయ్యి దించు. ఆయప్పకీ నత్తే. యాభై తూర్లు పోయింటా నేను ఈయప్ప బస్సులో."

అవ్వ విషయం చెప్పేసింది కాబట్టి ఆయన ఇంక మాట్లాడాల్సిన పనిలేదు. అయినా తను మొదలుపెట్టిన మాటను వదల్లేదు. కళ్లు మూసుకుని అలాగే నిలబడి, దాన్ని చివరిదాకా తెచ్చాడు. "నే... నేనూ నత్తోణ్నే అప్పా." చెప్పి, కళ్లు తెరిచి, నవ్వేశాడు. తర్వాత డ్రైవరు నవ్వాడు. తర్వాత బస్సంతా. మా నాయన ఎటు చూడాలో తెలియక తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు మా నాయన ఉడకబెట్టిన చెనక్కాయల సంచి పట్టుకుని క్రాసులో నిలబడ్డాడు. క్షమించమని నోరు తెరిచి అడగడం ఆయనకు చేతకాదు. బస్సు ఎక్కి, సంచి కండక్టరు చేతిలో పెట్టి దిగిపోయాడు. కండక్టరు ఆ చెనక్కాయల్ని వరసగా సీటు సీటుకూ పంచాడు. పుంగనూరు చేరేసరికి బస్సు నిండా పొట్టేనని, డిపోలో ఊడ్చే ఆమె తనను తిట్టిందని తర్వాత చెప్పాడు.

ఇంక నాకు కష్టం తీరిపోయిందనుకున్నాను. ఆయనకు నా స్టాపు తెలుసు, నా బాధ తెలుసు, రోజూ ఆపుతాడు. కానీ ఆపలేదు. క్రాసు వస్తోందని నేను ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. క్రాసు దాటిపోయింది. బంకు దగ్గర నాతో పాటు తానూ కిందికి దిగి, నిదానంగా, తన మాటకు ఎంత టైము కావాలో అంతా తీసుకుని చెప్పాడు.

"నీ స్టాపు నాకు తెలీక కాదు. నువ్వు అడుగు, ఆపుతా. యెంతసేపు పట్టినా సరే. గానీ నువ్వే అడగాల."

ఇంత కఠినమైన మనిషి ఉంటాడా అనిపించింది. నత్తి ఉన్నవాడే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి. రెండు రోజులు పట్టుదలగా మూతి బిగించుకుని బంకు దాకా పోయాను. మూడో రోజు ఆ పంతం మీదే నోరు తెరిచాను. "పా... పా... పా..." బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. క్రాసు పోయింది, ఇటుకల బట్టీ పోయింది. బంకు రానే వచ్చింది. నేను సీటులో ముడుచుకుపోయాను. ఆయన మాత్రం మామూలుగా, బస్సు గురించి చెప్పినట్టే చెప్పాడు.

"లేటయింది, అంతే. క్యాన్సిల్ కాలేదు గదా. బస్సు లేటయితే జనం యేం చేస్తారు, నిలబడుకోని ఉంటారు. ఉండనీ."

ఆ మాట నా తలలోకి దిగడానికి చాలా రోజులు పట్టింది. అంతవరకూ ఆగిన మాటను నేను పోయిన మాటగానే లెక్కవేసుకునేదాన్ని. ఆగిన మరుక్షణమే సిగ్గుతో దాన్ని మింగేసి, ఇంకో మాట వెతుక్కునేదాన్ని. అది వస్తుంది, కొంచెం నిలబడితే చాలు అని నాకు ఎవరూ చెప్పలేదు. డాక్టర్లు చెప్పలేదు, నాలుక మీద వసకొమ్ము రాసిన మా అమ్మమ్మా చెప్పలేదు.

తర్వాత వారం మాట వచ్చింది. బంకుకు కాస్త ఇవతల. బస్సు అక్కడికక్కడే ఆగింది. ఇంకో రోజు ఇటుకల బట్టీ దగ్గర. ఇంకో రోజు పంపుసెట్టు గది దగ్గర. నేను వెనక్కి నడిచే దూరం రోజురోజుకూ తగ్గుతోంది. రోజూ వచ్చే ప్రయాణికులకు కూడా ఇదొక ముచ్చట అయిపోయింది. ఒకసారి ఎవరో ఉండబట్టలేక నా బదులు పాలగుట్ట అని కేకేస్తే, ఆ స్టాపు ఆ పాపదని, ఆమె అడిగితేనే ఆపుతానని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. క్రాసుకు చాలా ముందున్న కల్వర్టు దగ్గరే మొదలుపెట్టాలని నేను నేర్చుకున్నాను. ఒక శుక్రవారం, సరిగ్గా మా క్రాసు దగ్గర, "పాలగుట్ట, ఆపండి" అని పూర్తిగా వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను దిగి, బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు పక్కనే నిలబడి నవ్వుతూ ఉన్నాను.

శనివారం మళ్లీ బంకు. ఈ పొద్దు బంకులో ఏమన్నా పని ఉందేమో అన్నాడాయన. ఆ రెండు కిలోమీటర్లూ వెనక్కి నడుస్తూ నేను నవ్వుకున్నాను. శుక్రవారం నవ్వు కంటే ఆ శనివారం నవ్వే నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. నా నత్తి తగ్గలేదు. అది వచ్చిన రోజున కూడా నేను బాగానే ఉండవచ్చని తెలిసింది. ఆ తర్వాతి సోమవారమే ఆయన్ను మామ అన్నాను. అందులోనూ మ ఉంది. ఆయన ఓపికగా నిలబడి విన్నాడు.

డిగ్రీ అయ్యాక బీఈడీ చేశాను. ట్రైనింగులో భాగంగా పుంగనూరులో ఒక బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పాలి. మొదటి రోజే పూర్ణ సంఖ్యలు. బోర్డు మీద రాశాను గానీ నోటితో అనలేకపోయాను. వెనక బెంచీలో ఎవరో నన్ను అనుకరించారు, తరగతి మొత్తం నవ్వింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. బస్సులో మా క్రాసు దగ్గర దిగడం వేరు, నలభై మంది పిల్లల ముందు నిలబడడం వేరు. నేరుగా మామ ఇంటికి పోయాను. ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదు. మానేస్తానని చెప్పాను.

అత్త నా ముందు సంగటి, చెనక్కాయ పచ్చడి పెట్టింది. నేను తిన్నాక మామ తన విజిల్ కథ చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రైట్ రైట్ అనడానికి నోరు రాక విజిల్ కొనుక్కున్నాడట. ఆపాలంటే విజిల్, పోవాలంటే విజిల్, జరగండి అనడానికీ విజిలే. ఆరేళ్లు అలా గడిచాయట. ఒక రోజు బస్సు కదులుతుండగా ఒక ముసలాయన మెట్ల మీద జారబోయాడు. విజిల్ కోసం జేబులన్నీ తడుముకుంటే అది లేదు. ఆపు అని అరవడానికి నోరు రాలేదు. చేత్తో రేకు మీద బాదాడు, డ్రైవరు ఆపాడు, ముసలాయనకు ఏమీ కాలేదు. కానీ ఆ సాయంకాలం ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాడట. నత్తి వల్ల తన పని ఆగలేదు, నత్తిని దాచుకోవడానికే ఆరేళ్లూ పాటుపడ్డాడు. ఆ తర్వాత ఇంక విజిల్ పట్టలేదు.

"నువ్వు పొద్దున్నే పోయి, ముందు ఆ సంగతే చెప్పెయ్. దాచిపెట్టే పని ఒకటి తప్పిపోతాది. అదే సగం బరువు పాపా" అన్నాడు.

మర్నాడు తరగతిలోకి పోయి అదే చెప్పాను. నాకు నత్తి ఉంది, మధ్యలో మాట ఆగుతుంది, ఆగినా వస్తుంది, నేను ఆగినప్పుడల్లా మీరు బోర్డు మీది లెక్కను ముందుకు చేసుకుంటూ పోండి అన్నాను. ఆ చివరి మాట నేను ఆలోచించి అన్నది కాదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని వచ్చేసింది. పిల్లలు దాన్ని ఆటగా తీసుకున్నారు. నా మాట వచ్చేలోగా జవాబు కట్టేయాలని పోటీ పడ్డారు. నేను పన్నెండు అనడానికి తంటాలు పడుతుంటే నలభై గొంతులు లేచేవి, పన్నెండు పన్నెండు అని. నేను ఆగిన ప్రతిచోటా వాళ్లు ఆలోచిస్తున్నారు. గబగబా చెప్పుకుపోయే మాస్టర్ల తరగతిలో వాళ్లకు దొరకనిది నా దగ్గర దొరికింది. నెల తిరిగేసరికి ఆ పిల్లలకు లెక్కలంటే భయం పోయింది. ఇప్పటికీ నేను ఏ కొత్త తరగతికి పోయినా ఆ మాటతోనే మొదలుపెడతాను.

అన్నీ అంత సులువుగా జరిగాయని కాదు. మొదటిసారి టీచరు పోస్టుల సెలెక్షన్ లిస్టులో నా పేరు లేదు. మామ మా ఇంటికి వచ్చాడు, ఏదో ఒకటి చెప్తాడనుకున్నాను. ఆయన మాత్రం మా నాయన కోసిన పనసకాయ ముందు కూర్చుని, తొనలు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టి, తానూ తిని, చేతులకు అంటిన జిగురు నూనెతో తుడుచుకుని, బస్సుకు టైమయిందని లేచాడు. ఆ రోజు నాకు అదే కావాల్సింది. రెండోసారి ఉద్యోగం వచ్చింది, కుప్పంలో.

తర్వాత మా మాటలన్నీ ఫోనులోనే. ఇద్దరు నత్తివాళ్లు ఫోను పట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. నేను ఆగితే ఆయన ఉంటాడు, ఆయన ఆగితే నేను ఉంటాను. లైను కట్ అయిందేమో అని ఇద్దరం హలో అనడానికి చూస్తాం, హలో మాత్రం ఇద్దరికీ సులువే. మేము నాలుగు కబుర్లు చెప్పుకునేలోగా మా ఆయన అన్నం వండి, దించి, మా పాపకు తినిపించి కూడా అయ్యేది.

రిటైరయ్యాక ఒకసారి చెప్పాపెట్టకుండా పొద్దుటి బస్సులో కుప్పం వచ్చేశాడు. నా క్లాసు చూడాలన్నాడు. హెడ్మాస్టరు సరేనంటే చివరి బెంచీలో, పిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నేను ఒక చోట ఆగిపోయాను. వెంటనే చివరి బెంచీలో చెయ్యి లేచింది. పిల్లలందరి కంటే ముందు తానే లెక్క చేసేశాడట. జవాబు తప్పు. పక్కనున్న పిల్ల ఆయన కాగితం లాక్కుని, ఎక్కడ తప్పాడో చూపించి, గుండ్రంగా చుట్టి, మళ్లీ చేయమంది. ఆయన బుద్ధిగా మళ్లీ చేశాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. పుంగనూరులో కనపడిన వాళ్లకంతా చూపించాడని అత్త చెప్పింది.

పదకొండో రోజున మళ్లీ పుంగనూరు పోయాను. పాత డ్రైవర్లు, కండక్టర్లు, వాళ్ల ఆడవాళ్లు, మా అమ్మ, నాయన, ఇల్లు పట్టనంత జనం. భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా నడిమి ఇంట్లో చాపల మీద కూర్చున్నాం. ఎవరో అత్తను అడిగారు, నీ పెండ్లి ఎట్లా కుదిరింది అని. అత్త మొదట తలొంచుకుంది. తర్వాత, ఆ పది రోజుల్లో మొదటిసారి, ఆమె మొహంలో నవ్వు కదిలింది.

పెళ్లిచూపులకు వచ్చినప్పుడు పెద్దవాళ్లు పిల్లోడి పేరడిగారట. ఆయన మొదలుపెట్టాడు. పక్కన ఉన్న ఆయన మేనమామ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడట.

"పేరు మొదలైనప్పుడు నేను వంటింట్లో ఉండా. కాఫీ కలిపి, గ్లాసుల్లో పోసి, పళ్లెంలో పెట్టుకోని బయటికొస్తే, ఇంగా సగం పేరు దగ్గరే ఉండాడు. తలెత్తి నన్ను సూసినాడు. సూసి, మిగిలిన సగం టక్కున చెప్పేసినాడు."

నవ్వులతో ఇల్లు దద్దరిల్లింది. వసారాలో ఉన్న మగవాళ్లు ఏమైందా అని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ మా అమ్మ, ఆ పేరు ఎట్లా చెప్పినాడో చెప్పు అంది. అందరం ఒక్కసారిగా ఆగాము. అత్త పాతకాలపు మనిషి. ఇన్నేళ్లలో మొగుడి పేరు ఆమె నోట మేమెవ్వరం వినలేదు. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినా పక్కవాళ్లతోనే చెప్పించేది.

అత్త గోడకు ఆనించిన ఫోటో వైపు తిరిగింది. కొంగు సర్దుకుంది. కళ్లు మూసుకుని, గడ్డం ఆయనలాగే కొంచెం పైకెత్తి, ఆయన పేరులోని మొదటి అక్షరం పట్టుకుంది. దాని దగ్గరే ఆగింది. మళ్లీ అదే అక్షరం. మళ్లీ అదే. ఇల్లంతా నిండి ఉన్న జనంలో ఒక్కరు కూడా ఆ పేరు అందించలేదు. చాపల మీద, గుమ్మంలో, వసారాలో, ఎక్కడివాళ్లం అక్కడే అలా కూర్చుని, నిలబడి, ఆమె పెదవుల వైపే చూస్తూ ఉన్నాం.